సరిగ్గా నలభై నిమిషాలు

మా టైంకీపరు పోయారన్న కబురు నాకు పాలట్యాంకరు మీద వచ్చింది. సోమవారం పొద్దున ఏడు దాటింది. పలమనేరు ట్యాంకరు డ్రైవరు బండిని కడగడానికి పెట్టి, ఎప్పుడూ ఆ వైపు రానివాడు మా కంప్యూటర్ గది దాకా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి రావచ్చో రాకూడదో తెలియనట్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మన టైంకీపరు సామి నిన్న తెల్లారి పోయినాడంటమ్మా, తిరపతిలో. గుండెనొప్పంట. మా బామ్మర్ది ఆ వీధిలోనే ఉండాడు, సాయంత్రం బస్సుకొచ్చి చెప్పినాడు. మధ్యాన్నమే ఎత్తేసినారంట."

నేను కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాను. అతను తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఆపొద్దు ఆయన పొరబాటు వల్ల నేను పంతొమ్మిది దినాలు ఇంట్లో కూసున్యా. అయినా మంచోడమ్మా. తప్పు నాదేనని నలుగురి ముందర ఒప్పుకున్యాడు. అట్లా ఎవురు ఒప్పుకుంటారు చెప్పు."

నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది. ఆ పొరబాటు ఆయనది కాదు, నాది. నాలుగేళ్లుగా ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే అనుకుంటూ వచ్చాను. ఆ ఇద్దరిలో ఒకరు పోయాక కూడా నోరు విప్పకపోతే ఆ తప్పు శాశ్వతంగా ఆయన పేరు మీదే ఉండిపోతుంది. ఆయన్ని తలుచుకోవడానికే కూర్చున్నాను గానీ, ఈ మాట ముందు చెప్పకుండా తలుచుకునే హక్కు నాకు లేదు.

మాది చిత్తూరు ఊరి బయట ఉన్న ఒక పాల డెయిరీ. పేరెందుకు లెండి. గేటు పక్కన రేకుల గది, అందులో ఒక బల్ల, గోడ గడియారం, ఒక పెద్ద రిజిస్టరు, దాని వెనక ఆయన. జిల్లాలో అక్కడక్కడా పాలు చల్లబరిచే కేంద్రాల నుంచి ట్యాంకర్లు వస్తాయి. ఏ బండి ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు మా గేటు దాటింది, మధ్య ఎంతసేపు పట్టింది, ఈ మూడూ రాయడమే ఆయన పని. పాలు దారిలో ఎక్కువసేపు ఉంటే పులుస్తాయి. బండి ఎక్కువసేపు దారిలో ఉంటే ఎవరో ఎక్కడో ఆపి నీళ్లు కలిపారన్న అనుమానం కూడా వస్తుంది. అందుకని ఆ మూడో గడిని మేనేజరు రోజూ చూసేవాడు.

ఆయన తిరుపతి వైష్ణవుల ఇంటివారు. వాళ్ల నాయన కొండ మీద కైంకర్యంలో ఉండేవారట, ఏ సేవ ఏ వేళకు మొదలవుతుందన్నది చిన్నప్పటి నుంచీ ఇంట్లో వినే మాటేనట. పొద్దున రేడియోలో వార్తలకు ముందు వచ్చే కూత విని చేతి గడియారం సరిచేసుకుని, దాన్ని చూసి గేటు గడియారం సరిచేసేవారు. చేతి గడియారాన్ని మణికట్టుకు లోపలి వైపు కట్టుకునేవారు, పెన్ను పట్టుకున్న చెయ్యి తిప్పకుండానే టైము కనపడాలని. రాసేముందు ఆ అంకెను పెదవులతో రెండుసార్లు అనుకునేవారు. ఇరవై ఏళ్ల రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత లేదని డెయిరీలో గొప్పగా చెప్పుకుంటుంటే నేను నమ్మక, ఓ మధ్యాహ్నం పాతవి మూడు తిరగేశాను. నిజంగానే లేదు. నేను వెతుకుతున్నది ఆయన చూస్తూనే ఉన్నారు. "దొరికిందా తల్లీ?" అని మాత్రం అడిగారు.

నేను చేరిన ఏడే డెయిరీకి కంప్యూటర్ వచ్చింది. బీరువా అంత యంత్రం, దానికొక గది, గదికొక ఏసీ, ఆ ఏసీ కింద నేను. మాది పలమనేరు. మా నాయనకు బజార్లో ఇత్తడి సామాన్ల అంగడి. ఆడపిల్ల వేరే ఊళ్లో ఉద్యోగం చేయడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. "ఒక ఏడు చూస్తా. ఒక్క మాట వచ్చిందంటే ఇంటికి వచ్చేయల్ల" అని గడువు పెట్టి పంపాడు. నాకు ఇరవై మూడేళ్లు, ఆ జిల్లాలో ఆ యంత్రాన్ని నడిపించే యూనిక్స్ అన్న మాట పలికేవాళ్లు నాతో కలిపి నలుగురు ఉంటారేమో, కళ్లు నెత్తికెక్కడానికి ఆ మాత్రం చాలు.

యంత్రం వచ్చింది కాబట్టి టైంకీపరు దాన్ని చూసి మొహం ముడుచుకుంటారని అందరూ అనుకున్నారు. ఆయన రెండో రోజే వచ్చి, చెప్పులు విడిచి, పంచె సర్దుకుని స్టూలు మీద కూర్చున్నారు. "తేదీకీ తేదీకీ మధ్య ఎన్ని దినాలో ఇది ఎట్లా లెక్కపెడతాది తల్లీ?" అని అడిగారు. దానికి రాదని, ఇవాళ ఏ తేదీ, ఇప్పుడు టైమెంత అన్నది మాత్రమే దానికి తెలుసునని, తేడా కట్టడం మనమే నేర్పాలని చెప్పాను. ఆయన యంత్రం వైపు చాలా జాలిగా చూశారు.

నేర్పడమంటే షెల్ స్క్రిప్టు రాయడం. చేయాల్సిన పనులను వరసగా రాసి యంత్రానికి ఇచ్చే చీటీ లాంటిది అది. చల్లగదిలో ఉన్న వెన్న ఇవాళ్టికి ఎన్ని రోజులదో చెప్పే స్క్రిప్టు ఒకటి రాస్తున్నాను అప్పుడు. ఏ నెలకు ముప్ఫై, దేనికి ముప్ఫై ఒకటి, ఫిబ్రవరికి ఎన్ని, ఇది లీపు సంవత్సరమా కాదా అని ప్రతి మలుపులోనూ యంత్రాన్ని ఆపి అడిగే నలభై వరసల స్క్రిప్టు. ఆయన తన జేబు నోటుబుక్కు తీసి చూపించారు. అందులో సంవత్సరం మార్చి ఒకటిన మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి కిందటి ఏడాది చివర్లో ఉండేవి. ఆ మార్చి నుంచి ప్రతి రోజుకూ ఒక నంబరు. రెండు తేదీల నంబర్లు తీసుకుని చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసేయడమే.

"ఫిబ్రవరి పేచీకోరు తల్లీ. ఒక ఏడు ఇరవై ఎనిమిదంటాది, ఒక ఏడు ఇరవై తొమ్మిదంటాది. దాన్ని పంక్తిలో ఆఖర్న కూసోబెట్టినామంటే కడమవాళ్లు నిమ్మళంగా తింటారు."

ఇది ఆయనకు ఎవరూ నేర్పలేదు. సిబ్బంది సెలవుల లెక్క కట్టి కట్టి ఆయనే కనిపెట్టుకున్నారు. నా నలభై వరసలు పదకొండయ్యాయి. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం, రెండు ట్యాంకర్ల మధ్య ఖాళీలో, వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. తెర మీద అక్షరాలు పచ్చగా వస్తుంటే చదవలేక కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకునేవారు. ఒక్కోసారి తమ పెరుగన్నంలోంచి మాగాయ ముక్క తెచ్చి కాగితం మీద పెట్టి, యంత్రానికి తగలకుండా తినమనేవారు.

గేటు లెక్క కూడా యంత్రానికి మార్చమని మేనేజరు చెప్పినప్పుడు మాత్రం నేను ఆయన్ని అడగలేదు. గంటలూ నిమిషాలూ నాకు తెలియవా అనుకున్నాను. బయల్దేరిన టైమూ వచ్చిన టైమూ నాలుగేసి అంకెలుగా తీసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, చివరి రెండంకెలు నిమిషాలు, ముందువి గంటలు అని అచ్చువేసే స్క్రిప్టు రాసి పారేశాను. అయిదింటికి బయల్దేరి ఆరూ నలభైకి వచ్చిన బండికి గంటా నలభై అని వచ్చింది. మిగతా బండ్లకు కూడా సరిపోయింది. అర్ధరాత్రి దాటి వచ్చే ఒక్క బండికి మాత్రం మైనస్ అని పడింది. ఆ కాగితం చూసి టైంకీపరు చాలాసేపు నవ్వారు. "శ్రీహరికోటలో రాకెట్టు ఎగరకముందు లెక్కకైతే మైనస్ ఉంటాది. పాలబండికి ఎందుకు తల్లీ?" అన్నారు. నేను మూతి ముడుచుకుని, తేదీ మారితే ఇరవై నాలుగు గంటలు కలిపేలా దాన్ని సరిచేశాను. స్క్రిప్టు మొత్తం ఒకసారి చదివి వినిపించమన్నారు. "అవసరం లేదు సార్, అయిపోయింది" అన్నాను. ఆ ఒక్క పూట చదివి వినిపించి ఉంటే ఇదంతా లేదు.

నెల తిరిగేసరికి మేనేజరు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పలమనేరు బండికి రోజూ గంటా యాభై అయిదు, గంటా యాభై ఏడు, అలా వస్తోంది. పాత రిజిస్టర్లలో అదే బండికి గంటంబావు. పలమనేరు పాలు పలచగా ఉన్నాయన్న గుసగుస అప్పటికే ఒకటి ఉండనే ఉంది. డ్రైవర్ని పిలిచి దారిలోని మొగిలి ఘాటు కింద రోజూ ఎక్కడ ఆపుతున్నావని అడిగారు. అతను పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. డ్యూటీ దించేశారు. ఇన్నాళ్లూ గంటంబావు అని రాసి అతన్ని కాపాడింది ఎవరన్న ప్రశ్న కూడా ఆ గదిలో లేచింది. అందరూ రేకుల గది వైపు చూశారు. నేను నా గదిలో కూర్చుని, యంత్రం దొంగను పట్టిందని లోలోపల మురిసిపోయాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

డ్రైవరు రోజూ పొద్దున వచ్చి గేటు బయట నిలబడేవాడు. తన బండిని ఇంకొకడు నడుపుకుంటూ లోపలికి పోవడం చూసి, ఇంటికి వెళ్లిపోయేవాడు. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం టైంకీపరు తన రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చారు. ఆ రోజు స్టూలు మీద కూర్చోలేదు.

"ఈ నెలంతా నీ కాగితానికీ నా రిజిస్టరుకూ తేడా రోజుకు ఎంత ఉండాదో చూసినావా తల్లీ? నలభై నిమిషాలు. ఒకనాడు ముప్పై తొమ్మిది లేదు, ఒకనాడు నలభై ఒకటి లేదు. ఇప్పుడు బండి తోలేది వేరేవాడైనా అదే నలభై. దొంగతనం చేసేవాడు రోజూ సరిగ్గా నలభై నిమిషాలే చేస్తాడా?"

యంత్రం తప్పు చెప్పదు సార్ అన్నాను. ఆయన వాదించలేదు. "అయిదూ యాభైకి బయల్దేరి ఆరూ పదికి వచ్చినాడనుకో. అది కొట్టు" అన్నారు. కొట్టాను. తెర మీద అరవై అని వచ్చింది. ఇరవై నిమిషాల ప్రయాణం.

"గడియారం నూటికి తిరగదు తల్లీ. అరవైకే తిరుగుతాది."

స్క్రిప్టును తెర మీదికి తెచ్చి మళ్లీ చదివాను. షెల్ స్క్రిప్టులో తీసివేతకు ఇచ్చే ఆజ్ఞ చాలా అమాయకమైనది, రెండంకెలిస్తే తేడా చెప్తుంది. అవి గంటలో అరటిపళ్లో దానికి తెలియదు. ఏడూ అయిదులోంచి అయిదూ యాభై తీసేయమంటే, ఏడు వందల అయిదులోంచి అయిదు వందల యాభై తీసేసి నూటా యాభై అయిదు అంది. నేను దాన్ని గంటా యాభై అయిదు చేశాను. మిగతా బండ్లన్నీ సరిగ్గా గంట కొట్టినప్పుడే బయల్దేరతాయి కాబట్టి వాటికి తేడా పడలేదు. కొండ పల్లెల పాలు ఆలస్యంగా వస్తాయని పలమనేరు బండి ఒక్కటే అయిదూ యాభైకి కదులుతుంది. నిమిషాల దగ్గర అప్పు తెచ్చుకున్న ప్రతిసారీ అరవైకి బదులు నూరు తెచ్చుకుని, ఆ మిగిలిన నలభైని నేను ఆ మనిషి నెత్తిన పెట్టాను.

ఆయనే చెప్పారు ఎలా సరిచేయాలో. "ముందు రెండింటినీ నిమిషాలు చేసెయ్. మూడు వందల యాభై, నాలుగు వందల ఇరవై అయిదు. అప్పుడు తీసెయ్. డెబ్బై అయిదు. ఆ తర్వాత గంటలు చేసుకో." దేని తేడా కట్టాలన్నా ముందు రెండింటినీ ఒకే జాతి చేసుకోవాలన్నది ఆయన ఎప్పుడూ అనే మాట. నాలుగు వరసలు మార్చితే అయిపోయింది. గంటంబావు అని వచ్చింది.

అప్పుడు నేను ఏడ్చాను. ఏడుస్తూ అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇది నా తప్పని తెలిస్తే నన్ను తీసేస్తారు సార్. మా నాయన ఇంక నన్ను గడప దాటనియ్యడు. మీరే ఏమన్నా చెయ్యల్ల." ఆయన తనంతట తాను ఆ పని చేశారని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. నేను అడిగాను.

ఆయన రిజిస్టరు అట్ట మీద చెయ్యి పెట్టుకున్నారు. "డ్రైవరు రేపు బండెక్కల్ల. అది ముందు" అన్నారు. తర్వాత, "కారణం నేను చెప్తాలే. కండ్లు తుడుచుకో, ఎవురన్నా వస్తారు" అన్నారు.

మర్నాడు మేనేజరు గదిలో ఆయన లేచి నిలబడి, యంత్రానికి ఎక్కించడానికి గేటు నుంచి పంపే చీటీల మీద పలమనేరు బండి టైములు తానే తప్పుగా రాశానని, వయసు మీద పడిందని, చూపు ఆనడం లేదని చెప్పారు. ఇరవై ఏళ్లలో ఒక్క కొట్టివేత లేని మనిషి. మేనేజరు నా వైపు తిరిగి, "అవునా అమ్మా, చీటీల్లోనే తప్పుందా?" అన్నాడు. ఆయన నా వైపు చూడలేదు. నేను ఏ మాటైనా చెప్పడానికి వీలుగా, కావాలనే కిటికీ వైపు చూస్తున్నారని నాకు తెలుసు.

"అవును సార్" అన్నాను.

డ్రైవరు బండెక్కాడు. ఆయనకు మెమో ఇచ్చారు, గేటు ఇంకొకరికి అప్పగించి, ఖాళీ క్యాన్లు కడిగే షెడ్డులో కూర్చోబెట్టారు. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. గోడ గడియారం లేని ఆ షెడ్డులో, క్యాన్ల చప్పుడు మధ్య, ఎనిమిది నెలలూ కూర్చున్నారు. డ్రైవరు ఆ షెడ్డు ముందు నుంచే పోతూ మొహం తిప్పుకునేవాడు. నా గదికి ఆయన రావడం మానేశారు. క్యాంటీను దగ్గర ఎదురైతే "స్క్రిప్టు బాగా నడస్తా ఉండాదా తల్లీ?" అని అడిగేవారు, ఆ అడగడంలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని నేను వెతికేదాన్ని. ఉండి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. ఆయన్ని తప్పించుకోవడానికి టీకి వెళ్లే వేళ మార్చుకున్నాను.

రిటైరైన రోజున సభ పెట్టలేదు. దండ వేయలేదు. మెమో ఉన్నవాళ్లకు వేయరట. సాయంత్రం నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, "ఎనభై ఎనిమిదిలో ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది వస్తాయి. ముందుగానే ఒకసారి చూసుకో తల్లీ" అని చెప్పి వెళ్లిపోయారు. నేను లేచి నిలబడ్డాను గానీ గుమ్మం దాకా వెళ్లలేదు. ఆ ఏడు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది ఏ పేచీ లేకుండా గడిచింది. ఉత్తరం రాద్దామని కార్డు కొన్నాను. సొరుగులో పెట్టాను.

కబురు తెచ్చిన డ్రైవరుకు ఆ వారంలోనే, బుధవారం నాడు, బండి దగ్గరికి వెళ్లి చెప్పాను. మొత్తం చెప్పాను, నేను అడిగిన సంగతితో సహా. తిడతాడనుకున్నాను. అతను టైరు పక్కన కూలబడి, తలగుడ్డ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఎనిమిది నెలలు ఆ మనిషితో మాట్లాడలేదమ్మా నేను. నమస్కారం పెడతా ఉంటే మొగం తిప్పుకున్యా" అన్నాడు. మేనేజరుకు కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ మెమో తీసేస్తారో, నన్నే తీసేస్తారో ఇంకా తెలియదు.

కర్మలు అయ్యేదాకా వెళ్లడానికి మొహం చెల్లలేదు. పదమూడో రోజు దాటాక, ఆదివారం పొద్దున బస్సెక్కి తిరుపతి వెళ్లాను. సన్నటి వీధిలో చిన్న ఇల్లు. ఆయన భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను ఎవరో చెప్పి, కూర్చోకుండానే, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. తప్పు నాదమ్మా, ఆయనది కాదు అన్నాను.

"తెలుసమ్మా" అంది ఆమె. "ఆ సాయంత్రమే ఇంటికొచ్చి చెప్పినారు. ఆ బిడ్డ భయపడింది, ఒక దినం తానే వచ్చి చెప్తాది, అంతవరకూ మనం ఎవురితోనూ అనకూడదు అన్నారు."

నేను నిలబడే ఉన్నాను. ఆమె గోడవారగా పీట వాల్చింది.

"ఆదివారం నీకు సెలవు గదా, చిత్తూరు బస్సుకు వస్తావేమో అని, బియ్యం కడిగేటప్పుడు ఇంకొక పిడికెడు వెయ్యమనేవారు. రిటైరై ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ, మూడేండ్లు, ఒక్క ఆదివారం మరవలేదు. మిగిలిపోయిన అన్నం సాయంత్రం ఆయనే తినేవారు, ఇంకొకరికి పెట్టనిచ్చేవారు కాదు. ఈ పొద్దు వెయ్యకూడదనే అనుకున్నాను. చెయ్యి ఊరుకోలేదు. కూసో, తిందువు."

ఆకు వేసి వడ్డించింది. వేడి అన్నం, పప్పు, నేను ఏ ఆదివారం వచ్చి ఉన్నా ఇవే ఉండేవేమో. ఆకులో ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వీధి చివర బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. నేను అక్కడే, ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాను. అయినా విసనకర్ర ఆపి, ఆమె వాకిలి వైపు చూసింది.